ముర్రుపాల ఫలితం

గోపాల్‌పేట

డాక్టరమ్మ గారికి అఖిల అత్త దండం పెట్టి రాస్తున్నది.

మా కోడలి ముర్రుపాలు మీరు పరీక్షకని చిన్న సీసాలో తీసుకున్నారు. మిగిలినవి పిండించి పెరట్లో కానుగ చెట్టు మొదట్లో పారబోసింది నేనే. ఆ పాలు బిడ్డకు అరగవని మా ఇళ్లల్లో అందరూ చేసేదే. పాపకు మేకపాలు పట్టాను. విరేచనాలు పట్టుకుని వారం తిరక్కుండానే పోయింది.

ఆ సంగతి తెలియక మీ నర్సు ఫోన్ చేసింది. "అఖిలా, నీ ముర్రుపాలల్ల రోగాలను ఆపే బలం శాన ఉన్నదంట. గంత బలం ఎవ్వరి పాలల్ల చూడలేదని మేడం అన్నది" అని సంబరంగా చెప్పింది. స్పీకర్‌లో పెట్టి ఉంటే ఇంట్లో అందరం విన్నాం.

సీసాలు తారుమారయ్యాయని, ఆ పాలలో ఏమీ లేదని మీరొక్క మాట చెప్పండి. అఖిల వయసులో ఉంది, మళ్లీ కంటుంది. నేను ఈ ఇంట్లోనే బతకాలి.

అఖిల ఏడవదు, తిట్టదు. ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే పాలు పిండి, గ్లాసులో తెచ్చి నా చేతికిస్తుంది.

"పారబోసి రా అత్తమ్మా. చెట్టు నీకు తెల్సు గద" అంటుంది.