గుర్రం పెట్టెకు తాడు పిడి

అక్టోబరు 3, శుక్రవారం

కొరియర్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. పీక్ సీజన్ మొదలవుతోందట. జనవరి మధ్య దాకా పెద్ద పార్సిళ్లకీ, హ్యాండ్లింగ్ కష్టమైన పార్సిళ్లకీ సర్‌చార్జి వేస్తారట. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాను. ఏది పెద్దదో చెప్పారు, పొడవు కొలత కూడా ఇచ్చారు. ఏది కష్టమో మాత్రం తేల్చలేదు. కష్టం ఎవరికి? మోసేవాడికా, నాకా?

ఇన్సూరెన్స్ ఆఫీసు మానేసి ఇంటి వెనక షెడ్డులో చెక్క గుర్రాలు చేస్తానన్నప్పుడు మా ఆయన ఒక్కటే షరతు పెట్టారు. ఈ సంవత్సరాంతానికి షెడ్డు తన కాళ్ల మీద తను నిలబడాలి, లేదంటే నోరెత్తకుండా ఆఫీసుకి వెళ్లాలి. సరేనన్నాను. పిల్లలు ఎక్కి ఊగే గుర్రాలు సగానికి సగం ఈ మూడు నెలల్లోనే అమ్ముడుపోతాయి. సర్‌చార్జీ సరిగ్గా ఈ మూడు నెలలకే. ఇదేం చోద్యం!

అక్టోబరు 10, శుక్రవారం

బిల్లు వచ్చింది. ప్రతి గుర్రానికీ సర్‌చార్జి పడింది. ఒక్కటీ తప్పించుకోలేదు.

కస్టమర్ కేర్ అమ్మాయికి ఫోన్ చేశాను. ప్యాకేజీ స్వభావాన్ని బట్టి పడుతుంది మేడమ్ అంది. మా గుర్రం చాలా సాధువమ్మా అన్నాను. నవ్వలేదు. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. ముందు చేసిన సహాయం ఏమిటో అర్థం కాలేదు.

అక్టోబరు 14, మంగళవారం

రాత్రంతా ఆలోచిస్తే తోక తట్టింది. పెట్టె పొడవంతా దానివల్లే. ఊడదీసి స్క్రూతో బిగించుకునేలా చేశాను. పెట్టె జానెడు తగ్గింది.

ప్యాకింగ్ మా మావయ్యది. తోక లేని గుర్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కుక్కలా ఉందేంటమ్మాయ్ అన్నారు. డబ్బాలో పడుకున్నంతసేపే కుక్క, బయటికొస్తే గుర్రమే మావయ్యా అన్నాను.

అక్టోబరు 22, బుధవారం

తోక తీసినా పడింది.

అక్టోబరు 25, శనివారం

హ్యాండ్లింగ్ కష్టం అంటే పట్టుకోవడం కష్టం అనేగా! నా బుర్రకి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో.

మావయ్య మొదటి నుంచీ ప్రతి పెట్టెకీ ఒక పక్కన తాడు పిడి కడతారు. అట్టకి రెండు కన్నాలు పొడిచి, లావుపాటి నూలు తాడు దూర్చి, లోపల ముడులు బిగిస్తారు. చెయ్యి పట్టేంత వంపు బయటికి ఉంటుంది. ఆయన ఉద్యోగమంతా గూడ్స్ షెడ్డులో పెట్టెలు ఎత్తడంలోనే గడిచింది. కుడి భుజం చెవి దాటి పైకి లేవదు. పెట్టెలు కట్టేవాళ్లెవరూ జన్మలో ఒక్క పెట్టె ఎత్తి ఎరగరు అని ఇప్పటికీ తిడుతుంటారు. కట్టినదల్లా ఎడమచేత్తో ఒకసారి ఎత్తి చూసుకుని గానీ లేబుల్ అంటించనివ్వరు.

అందుకే ఇవాళ చెప్పాను, మావయ్యా, ఇక నుంచి రెండు వైపులా పిడి కట్టండి అని. ముఖం వెలిగిపోయింది. అలా అడిగినవాళ్లు ఇన్నేళ్లలో నువ్వే అమ్మాయ్ అన్నారు. మధ్యాహ్నానికల్లా తాడు ఉండ ఖాళీ. తెలివితేటలంటే ఇవీ అనుకున్నాను.

నవంబరు 5, బుధవారం

మళ్లీ పడింది. నాకు పిచ్చెక్కుతోంది.

నవంబరు 7, శుక్రవారం

ఆఫీసు మేనేజర్ మేడమ్ ఫోన్ చేశారు. నా సీటు జనవరి దాకా ఖాళీగా ఉంచుతారట, ఆ తర్వాత తన చేతుల్లో లేదట. ఆలోచించి చెప్తానన్నాను. మా ఆయన ఎవరు ఫోన్ అని అడిగారు. రాంగ్ నంబర్ అన్నాను. రాంగ్ నంబర్‌తో అంతసేపు మాట్లాడావా అని అడగలేదు, పాపం.

సర్‌చార్జి కొనేవాళ్ల మీద వేస్తే కొనరు. నేను భరిస్తే గుర్రానికి నేనే ఎదురు డబ్బిచ్చి పంపినట్టు. నాకు ఆ ఆఫీసుకి వెళ్లాలని లేదు. అంతే. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకోను?

నవంబరు 12, బుధవారం, మధ్యాహ్నం

కొరియర్ వాళ్ల షెడ్డుకే వెళ్లాను, తేల్చుకుని వద్దామని. అంత పెద్ద షెడ్డు నేనెప్పుడూ చూడలేదు. బెల్టు మీద పెట్టెలు వాటంతట అవే పోతున్నాయి, మలుపులు తిరుగుతున్నాయి, ఎవరో తరుముతున్నట్టు. సూపర్‌వైజర్ ఒకావిడ, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. నా గోడు విని, మీది గుర్రాల పెట్టెనా అంది. ఎలా తెలుసన్నాను. రండి చూపిస్తా అంది.

ఒక మూలకి తీసుకెళ్లింది. నావి నాలుగు పెట్టెలు బెల్టు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాయి, బడిలో బయట నిలబెట్టిన పిల్లల్లా. ఇవి బెల్టు ఎక్కవు మేడమ్ అంది. ఎక్కిస్తే ఈ తాళ్లు రోలర్లలో ఇరుక్కుంటాయి, మొన్న ఒకటి ఇరుక్కుని లైన్ మొత్తం ఆగిపోయింది, బయటికి ఏది వేలాడినా మనుషులతో మోయించాల్సిందే, దానికే సర్‌చార్జి అంది. తర్వాత మెల్లగా, మొదట ఒక వైపే ఉండేది, ఇప్పుడు రెండు వైపులా కడుతున్నారేంటండీ అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

నేనేం చెప్పను? పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని కట్టాం అన్నాను. ఎవరు పట్టుకోవడానికి అంది. చుట్టూ చూశాను. ఆ పక్కంతా బెల్టులే.

అదే రోజు, సాయంత్రం 6

మావయ్య షెడ్డులో కొత్త తాడు ఉండ విప్పుతున్నారు. చెప్పలేకపోయాను. తలనొప్పి అని వచ్చేశాను.

నవంబరు 13, గురువారం

చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక తోకతో మొదలుపెట్టి, బెల్టు దాకా వచ్చి, తాడు దగ్గర ఆగాను. మావయ్యే పూర్తిచేశారు, అయితే నా తాడేనన్నమాట అని. కోప్పడతారనుకున్నాను. పడలేదు. మరి చివర్లో పెట్టెని మెట్లెక్కించేవాడి సంగతో అని అడిగారు.

తాడు మేకుకి తగిలించి లోపలికి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. రెండో పిడి కట్టమన్నది నేనే.

నవంబరు 21, శుక్రవారం

బిల్లులో సర్‌చార్జి లేదు. మా ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశారు. నాకెందుకో సంతోషం రాలేదు.

మావయ్య వారంగా షెడ్డు వైపు రాలేదు. భుజం నొప్పి అంటున్నారు. ప్యాకింగ్ నేనే చేస్తున్నాను, టేపు చేతికే అంటుకుంటోంది. ఎప్పుడూ ఈల వేసుకుంటూ వచ్చి పార్సిళ్లు తీసుకెళ్లే డ్రైవర్ ఇవాళ పెట్టెని కౌగిలించుకుని, గడ్డం పైన ఆనించి, కాళ్లు కనపడక గడప తన్నుకున్నాడు. తాళ్లు ఏమయ్యాయక్కా, ఈ వీధి మొత్తంలో నా చేతులు నొప్పెట్టని ఇల్లు మీదొక్కటే ఉండేది అన్నాడు. వెళ్లేటప్పుడు ఈల వెయ్యలేదు.

నవంబరు 26, బుధవారం

పొద్దున్నే మావయ్య షెడ్డులో ఉన్నారు! ఏమీ జరగనట్టు పెట్టెలు మడుస్తున్నారు. తీరా చూస్తే తాడు కూడా కోస్తున్నారు. కానీ బయట కట్టలేదు. వంపు తిప్పి, రెండు కొసలా ముడులు వేసి, గుర్రం మెడ పక్కన పెట్టి మూత వేశారు.

ఇదెందుకు మావయ్యా అన్నాను. బెల్టుకి కనపడదుగా, ఇక దానికేం నొప్పి అన్నారు. పెట్టె మొయ్యడానికి తాడు కావాలంటే ముందు పెట్టె విప్పాలి కదా, విప్పాక ఇక మొయ్యడమెందుకు అని అడగబోయాను. అడగలేదు. ఆయనకి తెలియకనా, తెలిసేనా? ఏదైతేనేం, మనిషి షెడ్డుకి వచ్చారు, అది చాలు.

డిసెంబరు 8, సోమవారం

ఒకావిడ ఫోటో పంపింది. వాళ్ల పాప మా గుర్రం ఎక్కి ఉంది. గుర్రం నోటి చుట్టూ మావయ్య తాడు! ముడులు రెండూ పాప గుప్పిళ్లలో ఉన్నాయి. అన్నిటికన్నా పగ్గాలు బాగా నచ్చాయట, దిగమంటే దిగడం లేదట, చెల్లెలి పిల్లాడికి కూడా పగ్గాలున్న గుర్రమే కావాలట.

నేనెప్పుడూ పగ్గాలు చెయ్యలేదు. ఇన్నాళ్లూ పగ్గాల్లేని గుర్రాలే పంపాను. ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

డిసెంబరు 15, సోమవారం

పగ్గాలున్న గుర్రాలకే ఆర్డర్లు. షెడ్డు రెండు కాళ్ల మీద కాదు గానీ ఒంటికాలి మీద నిలబడింది. మా ఆయన లెక్క చూసి, సరే, ఇంకో ఏడాది అన్నారు. ఆఫీసు మేడమ్‌కి నేనే ఫోన్ చేసి రానని చెప్పాను. రాంగ్ నంబర్ సంగతి మా ఆయనకి ఆ రోజే తెలుసట.

డిసెంబరు 16, మంగళవారం

లోపల పెట్టింది పిడా, పగ్గమా మావయ్యా అని అడిగాను. పట్టుకునే చేతికి తేడా ఏముందమ్మాయ్ అని నన్నే అడిగారు. నా ప్రశ్న ఆయనకి అర్థమయిందో లేదో తెలియలేదు. తాడు కోసి ఇచ్చాను.