జడ్జిగారి కుర్చీలో అణిగిన స్పాంజి

నేను, వయసు అరవై ఎనిమిదేళ్లు, వృత్తి కుర్చీలకూ సోఫాలకూ రెక్సిను కుట్టడం, వీధిలో అందరూ సీట్ల మేస్త్రి అని పిలిచే మనిషిని, ఒంట్లో ఓపిక తగ్గినా బుద్ధి చెదరని స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం జరగవలసిన ఏర్పాట్ల గురించి వ్రాయిస్తున్న వీలునామా ఇది. చెయ్యి వణుకుతున్నందున నేను చెబుతుంటే వేరొకరు వ్రాస్తున్నారు. నా మతి స్థిరంగా ఉందని డాక్టరుగారిచ్చిన చీటీ జత చేశాను. మతి సంగతి ఈ కాగితంలో మళ్లీ వస్తుంది. అది చెప్పడానికే ఈ కాగితం.

1. ఇంతకు ముందు నేను వ్రాసిన వీలునామాలు ఏవీ లేవు. నాలుగేళ్ల కిందట కోర్టులో దాఖలు చేసిన ప్రమాణపత్రం మాత్రం ఒకటి ఉంది. అందులో ఒక వాక్యం పచ్చి అబద్ధం. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. చట్టప్రకారం అలా రద్దవుతుందో లేదో ప్లీడరుగారికే సందేహం. నాకు లేదు.

2. జరిగింది ఇది. సినిమాహాలు యజమాని తన మూడువందల పన్నెండు సీట్లూ కొత్తగా కుట్టమన్నాడు. రెక్సినూ స్పాంజీ నా పేరున అరువు తెచ్చి, నేనూ మా అక్కా ఐదు నెలలు వంచిన నడుము ఎత్తకుండా కుట్టాం. సీట్లు బిగించిన పదో రోజున ఆయన హాలుకు తాళం వేసి మాయమయ్యాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే అదే. రెక్సిను షాపాయన, ఇరవై ఏళ్లు నన్ను బావా అని పిలిచినవాడు, దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాడు. మొత్తం ఒకేసారి కట్టకపోతే మిషన్లు జప్తు. వాయిదాల మీద కట్టుకోనివ్వమని కోర్టును వేడుకోవడం తప్ప నాకు దారి లేకపోయింది.

3. ఆ దరఖాస్తుకు జతచేసే ప్రమాణపత్రంలో, ఇంట్లో సంపాదించేది ఎవరు, ఆధారపడ్డది ఎవరు అని వ్రాయాలి. నిజానికి షాపులో సగం పని అక్కది. కొలతల పుస్తకం ఆమె వ్రాసేది, రెక్సిను ఆమె కత్తిరించేది. ఆ మాట వ్రాస్తే ఆదాయం పెరుగుతుంది, దాంతో వాయిదా పెరుగుతుంది. ప్లీడరుగారు అబద్ధం చెప్పమనలేదు, వద్దనీ అనలేదు, కిటికీలోంచి బయటికి చూశారు. ‘అక్క, మతిస్థిమితం లేనిది, మందుల ఖర్చుతో సహా పూర్తిగా నా మీద ఆధారపడినది’ అని నేనే నా నోటితో చెప్పి వ్రాయించాను. (ఇక్కడ వ్రాస్తున్న చెయ్యి కాసేపు ఆగింది. వ్రాయమన్నాను.) అక్కకు ఆనాడు ఒక్క ముక్క చెప్పలేదు.

4. విచారణ రోజున ఆమె నాకు అన్నం క్యారేజీ తెచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. గుమాస్తా దరఖాస్తూ ప్రమాణపత్రమూ పైకి చదివాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా కాదని అనలేదు, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. జడ్జిగారు ఆమెను ముందుకు పిలిచి మెత్తగానే అడిగారు.

"ఏమ్మా, ఈయన నీకు ఏమవుతాడు?"

అక్క నా వైపు చూసింది. అప్పుడు తిన్నగా జవాబు చెబితే నా బండారం బయటపడేది. ఆమె జడ్జిగారి కుర్చీ వైపు చూసి అంది.

"అయ్యా, మీ కుర్చీలో స్పాంజి అణిగిపోయింది. నడుము పట్టేస్తుంది, మార్పించుకోండి."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు జాలిగా తలూపి, వాయిదాలే అయితే నెలకు ఇంత కావాలని షాపాయన అడిగినదాంట్లో మూడోవంతు చొప్పున నలభై ఎనిమిది వాయిదాలు ఇచ్చారు. ఆ కుర్చీ నేనూ చూశాను. స్పాంజి నిజంగానే అణిగిపోయింది.

5. ఇంటికొచ్చాక తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. మర్నాడు షాపులో పాత రెక్సినుతో తెర కట్టి దాని వెనక కూర్చుంది. పని చేస్తూ ఎవరి కంటైనా పడితే వాయిదాలకు ఎసరొస్తుందని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. నాలుగేళ్లు ఆ తెర వెనకే కత్తిరించింది. షాపుకొచ్చినవాళ్లు మీ అక్కగారికి ఎలా ఉంది పాపం అని అడిగితే, అలాగే ఉంది అనేవాణ్ణి. తెర వెనక కత్తెర చప్పుడు ఆగేది. కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. ఆఖరి వాయిదా పోయిన నెల కట్టాను, కట్టాకే నాకు నోరు పెగిలింది. ముందే ఎందుకు చెప్పలేదంటే డబ్బు కోసం. ఇంతకంటే మర్యాదైన కారణం ఏదైనా ఉందేమోనని వెతికాను, దొరకలేదు.

6. నా కొడుకు ఆ ప్రమాణపత్రం నకలు తీయించుకున్నాడు. షాపు అత్త పేర రాసినా, ఆవిడ మతిలేని మనిషి కనుక తానే సంరక్షకుడిగా ఉండి అమ్మేస్తానని టీ కొట్టు దగ్గర అన్నాడట. వాణ్ణి తిట్టడానికి నాకు మొహం చెల్లదు, ఆ కత్తి నూరి ఇచ్చింది నేనే. కనుక తేటతెల్లంగా చెబుతున్నాను. మా అక్కకు ఏనాడూ మతి చలించలేదు. షాపు, రెండు మిషన్లు, కత్తెరలు, దబ్బనాలు, మిగిలిన రెక్సిను చుట్టలు సర్వహక్కులతో ఆమెవి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా ఆమెదే. మతిలేని మనిషికి ఎవరూ ఇలాంటి బాధ్యత అప్పగించరు, అందుకే పట్టుబట్టి అప్పగిస్తున్నాను. షాపులో ఆ తెర ఇక ఉండకూడదు.

7. కొడుకుకు నా స్కూటరూ, బ్యాంకులో ఉన్న కాస్తా. వాడు పసివాడుగా ఉన్నప్పుడు నేను ఎర్ర రెక్సినుతో కుట్టిన బుల్లి కుర్చీ అటక మీద ఉంది. అదీ వాడిదే. చిన్నప్పుడు దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

8. రెక్సిను షాపాయనకు, నమూనాగా కుట్టి నా దగ్గరే ఉంచుకున్న సినిమాహాలు సీటు ఒకటి ఇవ్వాలి. కోర్టులో ఆయన నన్ను ప్రతివాది అన్నాడు, ఒక్కసారైనా బావా అనలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు. అయినా ఆయన డబ్బు ఆయన అడిగాడు, అందులో తప్పేముంది. సీటు మీద ఉన్నది ఆయన సరుకే, కుట్టు మాది. కూర్చుని చూసుకోమనండి.

9. కోర్టులో ఆ కుర్చీకి నా ఖర్చుతో కొత్త స్పాంజి వేయించాలి. ఇప్పుడు అందులో ఎవరు కూర్చుంటున్నా సరే. అనుమతి దొరికితే అక్కే స్వయంగా వెళ్లి, కోర్టు నిండుగా ఉన్నప్పుడు, అందరూ చూస్తుండగా కొలత తీసుకోవాలి.

పై తొమ్మిది అంశాలూ చదివించుకుని విని, సిగ్గుతో తల వంచుకునే, మనస్ఫూర్తిగా సమ్మతించి సంతకం చేస్తున్నాను.

తేదీ: 11-3-2014

సంతకం: సీట్ల మేస్త్రి

సాక్షులు:
1. పక్క కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన
2. చీటీ ఇచ్చిన డాక్టరుగారు

దస్తూరి: మేస్త్రి అక్క

కొట్టివేతలు: ఒకటి. ఆరో అంశం చివర "నన్ను క్షమించు అక్కా" అన్న మాటలు దస్తూరి వ్రాసిన నేనే కొట్టేశాను. అవి కాగితం మీద రాయించేవి కావు. ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని చెప్పేవి.