కోతల బొమ్మలో మనుషులు

నారిన్, అక్టోబరు 1979

అన్నయ్యా,

ఈ ఉత్తరం నమ్మకమైన మనిషి చేత పంపుతున్నాను. చదవగానే పొయ్యిలో వెయ్యి.

నువ్వు వెళ్లాక అమ్మ ఏడో రోజు భోజనాలు బడిలోనే పెట్టాం. డెబ్బై ఎనిమిదేళ్లు బతికి, సగం ఊరికి అక్షరాలు దిద్దించిన మనిషి కదా, వచ్చినవాళ్లకు ఇల్లు చాల్లేదు. అందరూ బొర్సోక్ రొట్టెలు తింటూ అమ్మ గురించి చెప్పుకుంటుంటే, సయ్‌కాల్ అవ్వ లేచి వెళ్లి, గోడ మీద అమ్మ వేసిన కోతల బొమ్మలో కొడవలి పట్టినవాడి చెంప నిమిరింది.

"ఈయన మా ఆయనే! ముప్పై ఏడులో ప్రజాశత్రువని పోలీసులు పట్టుకుపోయారే, ఆయనే!" అని గట్టిగా అనేసింది.

అప్పట్నుంచి రోజూ ఎవరో ఒకరు తమవాళ్లను వెతుక్కుంటూ వస్తున్నారు. దొరుకుతున్నారు అన్నయ్యా. అమ్మ ఒక్కరినీ మరిచిపోలేదు. మనకి మాత్రం చెప్పలేదు. నీకు తెలిసే ఊరుకున్నావేమో, అడగను.

నిన్న హెడ్మాస్టరు నన్ను పిలిచాడు. "పైనుంచి మనుషులొస్తున్నారమ్మా. ఆదివారంలోగా ఆ గోడకి సున్నం కొట్టించెయ్. మన ఉద్యోగాలు పోవడంతో ఆగితే అదృష్టమే" అన్నాడు. సరేనన్నాను. వీధిలో కారు ఆగితే చాలు, పిల్లల్ని లోపలికి లాగేస్తున్నాను.

నన్ను తిట్టకు. శనివారానికల్లా రా. నాన్నను తీసుకుపోయేటప్పటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను, నీకు ఎనిమిదేళ్లు. ఫోటోలన్నీ అమ్మే కాల్చేసింది. ఆ గోడ మీద నాన్న ఎవరో చూపించు. సున్నం పూసేలోపు ఒక్కసారి చూసుకుంటాను.

నీ చెల్లెలు