దుత్తలూరు బీడులో రాళ్ల గుట్ట

దుత్తలూరు,
1879 ఫిబ్రవరి

అమ్మకు కొడుకు ఓబయ్య దండాలు. ఇక్కడ నేను ప్రాణంతో కులాసా. ఆత్మకూరులో నువ్వూ చెల్లెలూ వేళకింత తింటున్నారని తలుస్తాను. బాప్తిస్మం తీసుకున్నాక దాన్ని లిదియమ్మా అని పిలవడానికి నాకింకా నోరు తిరగడం లేదు.

నా కాళ్ల సంగతి అడిగావు. పగుళ్లు మానలేదు. దారిపనికి మేస్త్రీనే అయినా పొద్దుగూకేదాకా నడకే కదా. ఉదయగిరి కొండ దిగువ నుంచి ఆత్మకూరు దాకా ఒక ఊరి మేత బీడును పక్క ఊరి బీడుతో కలుపుకుంటూ వస్తున్నాం. ఎవరి చేలోనూ కాలు పెట్టకుండా మనిషీ గొడ్డూ నడిచిపోవాలి. రెండేళ్ల కిందటి ధాత కరువులో మనం గంజి కోసం ఆత్మకూరు పోతుంటే కాపలావాళ్లు చేల గట్ల మీద నుంచి తరిమి, చుట్టూ తిప్పారే, ఆ తిప్పలు ఇంకెవరికీ రాకూడదు. కానీ ఊరూరా తగువే. మొన్న నారాయణయ్య అనే రైతు పొలిమేర రాయి మీద కూర్చుని లేవలేదు.

"మా బీట్లో పక్కూరి గొడ్లు మేస్తే మా గొడ్లు ఏం తినాలిరా?" అన్నాడు.

"మేసేదానికి కాదయ్యా, నడిచేదానికి" అని చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. సాయంత్రానికి ఆయనే లేచి, "మొండోడివిరా నువ్వు" అని మాకు మజ్జిగ పోయించాడు. విసిగిపోయానమ్మా.

నాయనను పూడ్చిన చోటు ఎప్పుడు చూపిస్తావని మూడు ఉత్తరాల్లో అడిగించావు. మూడుసార్లూ మాట దాటేశాను. ఉత్తరం చదివిపెడుతున్న ప్రేమానందం పంతులుగారూ, అమ్మను కూర్చోబెట్టి ఇక్కడి నుంచి మెల్లగా చదవండి.

దుత్తలూరు బీడులో నాయన ఇక నడవలేక కూర్చుండిపోతే, మిమ్మల్ని గంజి కొట్టానికి చేర్చి నేను వెనక్కి బయలుదేరాను కదా. వెళ్లేసరికి పోయాడనీ, పూడ్చి వచ్చాననీ చెప్పాను. అబద్ధం. నేను అంతదూరం పోనేలేదు. సగం దారిలో పడి నిద్రపోయాను. లేచాక కాళ్లు గంజి వైపే తిరిగాయి. "నేను ఈడనే ఉంటాలే, బిన్నా రా, ఆలస్యం చేయమాక" అన్నాడు నాయన. ఆ మాట నువ్వూ విన్నావు.

దారి ఆ బీడుకు వచ్చినప్పుడు నాయన కూర్చున్న చోటు కోసం రెండు రోజులు వెతికాను. ఎటు చూసినా ఒకటే ముళ్లకంప. నీకు చూపించడానికి నేనే నాలుగు రాళ్లు పేర్చాను. దారిలో చనిపోయినవాళ్ల గుర్తుకు, అటు దాటేవాళ్లు రాయి వేసే అలవాటు తెలిసిందే కదా. పనివాళ్లు తలా ఒకటి వేశారు. నారాయణయ్య కూడా ఒకటి వేసి, "ఎవుర్రా ఈడుండేది?" అన్నాడు. "మా నాయన" అన్నాను. ఇప్పుడది మొలెత్తు గుట్ట. దాని కింద ఎవరూ లేరమ్మా.

నిన్ను దాని ముందు నిలబెట్టి ఊరుకుందామనే అనుకున్నాను. గుట్ట పెరిగేకొద్దీ చేతకాలేదు. సిగ్గుగా ఉంది.

ఎండలు ముదిరేలోగా దారి ఆత్మకూరు చేరుతుంది. నా ముఖం చూడనంటే ఏమీ అనను. వస్తే మాత్రం గుట్ట దగ్గర ఆగొద్దు. బీడంతా నడుద్దాం. నాయన అక్కడే ఎక్కడో నా కోసం చూస్తూ కూర్చున్నాడు.

ఇట్లు,
బిన్నా వస్తానని పోయి రాని
నీ కొడుకు ఓబయ్య