మేక తోలు జాకెట్

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుటికి ఏడాది. ఈ పొద్దే హిందూపురంలో తోలు జాకెట్ కొంటి. రోజూ పెనుకొండకు డ్యూటీకి బండి మీదనే పోతాండా కదా.

అంగడాయన గొర్రె తోలుది చూపించి, "ఆడోళ్ళకు మెత్తగా ఇదే బాగుంటాదమ్మా" అన్యాడు. తోళ్ళ వ్యాపారి కూతురికి తోలు సంగతి చెప్తాడా! నీ మాదిరే మడత పెట్టి, వేళ్ళతో నలిపి చూసినా. మెత్తనే, కానీ రోడ్డుకు రాసుకుంటే చినిగిపోతాది. మేక తోలుది అడిగినా.

"గరుకుగా ఉంటాది కదమ్మా?"

"కింద పడితే పడేది నేనప్పా, నువ్వు కాదు" అంటి.

ఇంటికొస్తే అవ్వ వాకిట్లోనే ఆపింది. "తోలు వాసన! బయట తగిలించి రా."

నీకూ అదే మాట చెప్తాండె కదా. బతికినన్నాళ్ళూ సంత నుంచి వచ్చి, పెరట్లో నీళ్ళు పోసుకొని, చొక్కా బయటి మేకుకు తగిలించినాకనే లోపలికొస్తివి. ఆ తోళ్ళ దుడ్లతో కొన్న బియ్యం మాత్రం లోపలే ఉడికె.

నేను జాకెట్ వేసుకొనే లోపలికి పోయి, నీ ఫోటో కింద మేకుకు తగిలించినా. అవ్వ ఇంకా అరుస్తానే ఉండాది. అరవనీ. ఇన్నేళ్ళకు నీ వాసన నడింట్లోకి వచ్చింది నాయనా. యాడికీ పోనీయను.