కాలెండర్ మీద బొగ్గు చుక్కలు

మంగళవారం, రాత్రి.

లారీ గుద్ది తమ్ముడి కాలు పోయిన కేసులో ఈ రోజు విజయనగరం కోర్టులో ఎండుచేపల అప్పయ్యమ్మ సాక్ష్యం చెప్పింది. తమ్ముడు తాగి తనే పడ్డాడని బీమా కంపెనీ వాదన. అప్పయ్యమ్మ చేపల తట్ట పెట్టుకునేది తమ్ముడు పడిన ఆ రోడ్డు మలుపులోనే. అక్కడ ఎవరినైనా బండి గుద్దితే ఇంట్లో కాలెండర్ మీద ఆ తేదీకి కుంకుమ చుక్క పెడుతుంది. తాగి పడినవాడికి బొగ్గు చుక్క. చాలామంది కేసు పెట్టరు కాబట్టి పోలీసు స్టేషన్లో కూడా ఇంత లెక్క లేదు.

పొద్దున బస్సులో నేనే అడిగాను, బొగ్గు చుక్కల మీద కూడా కుంకుమ అద్దెయ్యమని. లారీల తప్పు ఎక్కువ కనబడుతుందని నా ఆశ.

"తాగి పడినోడ్ని నన్ను లారీ కింద తోసీమంతావేటిరా? సదువుకున్నోడివి, ఇదేటి బుద్ది?" అంది. బస్సంతా విన్నారు.

కోర్టులో ఆమె ఆ కాలెండర్ చూపిస్తే కంపెనీ వకీలు నవ్వాడు. "ఏం మామ్మా, పడినవాళ్లందరినీ లారీలే గుద్దాయా?"

"అందర్నీ గుద్దితే ఈ బొగ్గెందుకు బాబూ? ఇవి తాగీసి పడినోలవి. ఈ కుర్రోడిది కుంకం. నాను సూసినాను."

జడ్జిగారు కాలెండర్ తీసుకుని ఒక్కో నెలా తిప్పి చూశారు. వకీలు మరి నవ్వలేదు.

తీర్పు ఎప్పుడో తెలియదు. ఆమె నా మాట వినుంటే ఆ కుంకుమను ఎవరు నమ్మేవారు? బస్సులో నేనడిగిన సంగతి తమ్ముడికి ఇంకా చెప్పలేదు.