ఎర్ర డబ్బాకు పెట్టిన బొట్టు

కోయంబత్తూరు,
ఆదివారం

విజయక్కకు నీ చెల్లెలు రేవతి మొక్కి రాసేది. నేను ఇక్కడ బాగుండాను, నా గురించి బెంగ వద్దు. నాయన దగ్గు తగ్గిందా? అమ్మ మోకాలు ఎట్లుండాది, తైలం పూసుకుంటాదా, లేక సీసా అట్లే పెట్టి దాన్ని చూసి మొక్కుతాదా? నీ పిల్లలు, మీ ఇంట్లో అందరూ సుఖంగా ఉండాల అని మారియమ్మను రోజూ అడుగుతాను. ఒక్కడు తప్ప. వాడెవడో నీకు తెలుసు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంది అని నవ్వొద్దు. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్లో పెడుతుంది, మన గోడకు అవతల మామ ఇల్లు, వాళ్ళింట్లో మిక్సీ ఆపి మరీ వింటారు. మెసేజ్ పెడితే నీ పిల్లలు గట్టిగా చదువుతారు. అందుకే కాగితం మీద, అదీ తెలుగులో రాస్తాను. అవ్వ మనిద్దరినీ కూర్చోబెట్టి, చేతిమీద కొట్టి కొట్టి నేర్పిన అక్షరాలు ఇన్నేండ్లకు పనికొచ్చినాయి. మామ కొడుకు బావ బడిలో చదివింది మనందరి మాదిరి అరవమే, వాడికి తెలుగు మాట్లాడే దానికి వస్తాది గాని చదివే దానికి రాదు. ఈ కాగితం వాడి చేతికి దొరికినా జిలేబీలు చూసినట్టు చూస్తాడు, అంతే.

ఇక్కడ గాలి ఆగదక్కా. కొండ సందులోనుంచి వచ్చి మేడ మీద ఆరేసిన గుడ్డలన్నీ పక్క హాస్టల్‌కు తోలుతుంది. నీళ్ళు మాత్రం రొంబ తియ్యన. హాస్టల్ సాంబారు కూడా తియ్యనే, బెల్లం వేస్తారు, నేనేం పాపం చేసినానో! అమ్మ చేసే ఎండుమిరపకాయ కారం ఒక చిన్న డబ్బా పంపించు. మన ఊళ్ళో మిల్లు సంగు ఊదితే లేస్తాం గదా, ఇక్కడ సంగు లేదు, అయినా అదే టైముకు కండ్లు తెరుచుకుంటాయి. లేచి సుమ్మా గోడ చూస్తా కూర్చుంటాను. పిలిచేదానికి ఎవరూ లేరు. పరవాల్లేదు, అలవాటైపోతాది.

పని బాగుండాది. కంప్యూటర్లు అమ్మే కడ, రోజంతా వాటిని బిగించేదే. ఓనరు నా బల్ల మీద ‘ఆర్. రేవతి’ అని చిన్న చీటి అంటించినాడు. పొద్దున పోగానే మొదట దాన్ని తుడుస్తాను, తర్వాతే స్క్రూడ్రైవర్ ముడతాను. ఎందుకో నీకు వేరే చెప్పాల్నా?

చెప్తానులే. నువ్వూ అక్కడే ఉండినావు, అయినా రాస్తాను, రాస్తే కొంచెం చల్లగా ఉంటాది. బావ గేమ్ కడ తెరిచిన రోజు ఉండిన ఆరు కంప్యూటర్ మిషన్లూ నేను బిగించినవి. దుడ్డు మామది, సరే. చోటు మామది, సరే. పని నాది. వాడు ఒక్క స్క్రూ తిప్పలేదు. పెద్దోళ్ళు వచ్చి ‘ఇదంతా ఎవరు చేసినారు’ అని అడిగితే ఎదురొమ్ము విరుచుకుని ‘నేనే’ అన్నాడు. నేను పక్కనే ఉండాను! స్క్రూడ్రైవర్ నా చేతిలో ఉండింది! ‘ఈ పాప డబ్బాలు తుడిచి పెట్టింది’ అని నా నెత్తి తట్టి, ‘రేవతీ, అందరికీ కాఫీ తీసుకురా పో’ అన్నాడు. నేను పోయి తెచ్చినాను అక్కా. అదే నా కడుపు మంట. తెచ్చి, వాడికి కూడా ఇచ్చినాను. మామ నవ్వి ‘మేనరికం పిల్లే గదా, రేపు మన ఇంటికి వచ్చేదే, ఎవరు చేస్తే ఏమి’ అన్నాడు. అమ్మ కడ వాకిట స్తంభం పక్కన నిలబడి అంతా చూసింది. నోరు తెరవలేదు. బోర్డు మీద వాడి పేరు వాకిలంత రాసుకున్నాడు. ఆ వారమే నేను పెట్టె సర్దుకుని ఇక్కడికి వచ్చేసినాను. మేనరికమూ వద్దు, మిషన్లూ వద్దు అని.

అట్లాంటిది పోయిన నెల నువ్వు ఫోన్ చేసినావు. ‘మారియమ్మ తిరువిళాకు, జాతర జనం ఉండగానే, బావ గేమ్ పోటీ పెడతాడంట, సత్రపట్టి, మంసాపురం నుంచంతా పిలకాయలు వస్తారంట, దానికి పెద్ద మిషన్ ఒకటి కొనాలంట, ప్రాసెసర్ ఎర్ర డబ్బాదా నీలం డబ్బాదా అని నిన్ను అడగమన్నాడు’ అన్నావు. ఆ పూట నాకు అన్నం తినకుండానే కడుపు నిండింది. వాడు నన్ను అడిగినాడు! నేరుగా అడిగే మొహం లేక నీ నోట అడిగించినాడు.

ప్రాసెసర్ అంటే మిషన్‌కు తలకాయ. రెండు డబ్బాల ధరా ఇంచుమించు ఒకటే. నీలం దాంట్లో పనిచేసే చేతులు ఎక్కువ. కల్యాణం వంట మాదిరి పెద్ద పనికి, వీడియోలు కత్తిరించే దానికి అది రాజా. కాని గేమ్‌కు అన్ని చేతులు పట్టవు, సగం ఊరికే కూర్చుంటాయి. కూర్చున్నా కరెంటు తాగుతుంది, వేడి కక్కుతుంది, దానికి పెద్ద కూలర్ వేరే కొనాల. వాడి కడ పైకప్పు రేకు, ఎండ పడితే లోపల ఇడ్లి పెట్టొచ్చు. ఎర్ర దాంట్లో చేతులు తక్కువే, కాని కావలసిన సామాను చేతి కిందే పెట్టుకుంటుంది, అమ్మ పొయ్యి పక్కన అంజరపెట్టి పెట్టుకున్నట్టు. ఆవాలకు ఒకసారి, జీలకర్రకు ఒకసారి లోపలి గదికి పరుగెత్తే పని లేదు. గేమ్‌కు కావలసింది అదే. వేడి తక్కువ, కరెంటు తక్కువ. ఇంకా ఒకటి, రెండేండ్లు పోయినాక తలకాయ మార్చాలంటే ఎర్రదాని బోర్డు అట్లే పనికొస్తుంది, నీలం దానికి బోర్డు కూడా పారేయాల. మిగిలిన దుడ్డు గ్రాఫిక్స్ కార్డులో పెడితే బొమ్మ ఇంకా బాగా వస్తాది. ఇది నేను కడలో దినమూ చెప్పే పాఠం.

ఇప్పుడు చెప్పు, నీలం అని ఒక్క మాట అంటే చాలు గదా? తిరువిళా నాడు, ఊరంతా చూస్తుండగా, ఆ రేకు కింద మిషన్ ఉడికి ఉడికి నిలబడిపోవును. వాడి మొహం ఎట్లుంటాదో తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాను. వారమంతా ఆ మాటను తమలపాకు మాదిరి నమిలినాను.

కాని ఎర్రది అనే చెప్పినాను. మంచితనం అనుకోవద్దు! నాకంత మంచితనం లేదు. వాడి మిషన్ బాగా నడవాల, పోటీ బాగా జరగాల, జనం శభాష్ అనాల. వాడు స్విచ్ నొక్కే ప్రతిసారీ ఇది రేవతి చెప్పిన సామాను అని గుర్తు రావాల, బయటికి చెప్పలేక గొంతులో ముల్లు మాదిరి నిలవాల. బతికినన్నాళ్ళు నా మాట కింద బతకాల. నీలం డబ్బా ఇచ్చే దెబ్బ ఒక్క రోజుది. ఇది రోజూ పడే దెబ్బ.

అట్లా నేను కట్టుకున్న కోట అంతా నీ రెండో ఫోన్‌తో కూలింది. మిషన్ పెట్టిన కాసేపటికే వేడెక్కి, గేమ్ నత్త మాదిరి నడిచి, ఆరిపోతుందని చెప్పినావు. ‘ఆడదాని మాట విని చెడిపోయినాను, రేవతి పగ పట్టి కావాలనే తప్పు సామాను చెప్పింది’ అని వాడు వీధంతా చాటినాడని చెప్పినావు. మామ మన ఇంటి గడప తొక్కడం లేదంట. సరే, వాళ్ళు అన్నారు. నువ్వు? ‘నిజం చెప్పు రేవతీ, పగతోనే చెప్పినావా’ అని నువ్వు కూడా అడిగినావు గదా అక్కా! నా చేతిలో పని ఒక్కటే ఉండాది, నా మాట ఒక్కటే ఉండాది. అది కూడా అబద్ధం అంటే నేను ఇంకేం పెట్టుకుని బతికేది? ఫోన్ పెట్టేసి బాగా ఏడ్చినాను. తర్వాత ఒళ్ళు మండింది.

అప్పుడు గుర్తొచ్చింది, కొత్త మిషన్ బిగించే ముందు పూజ చేసిన నాడు నువ్వు పంపిన ఫోటో. తీసి పెద్దది చేసి చూసినాను. చూసి ఎట్లా నవ్వినానంటే పక్క గది పిల్లలు పరుగెత్తి వచ్చినారు. ఇత్తడి తట్టలో ప్రాసెసర్! దాని ఇనుప మూత మీద ఇంత మందాన చందనం, మధ్యలో కుంకుమ బొట్టు! మనోళ్ళు పంపుసెట్టుకు పెడతారు, ట్రాక్టర్‌కు పెడతారు, మిక్సీకి పెడతారు. పెట్టొచ్చు, దేనికీ నష్టం లేదు. కాని ప్రాసెసర్ మూత మీదనే కదా కూలర్ అతుక్కుని కూర్చోవాల! దాని వేడి కూలర్‌కు పోయేదానికే ప్రత్యేకంగా పేస్ట్ పూస్తారు. ఆ మధ్యలో చందనం ఎండి గోడ మాదిరి నిలిస్తే వేడి ఎక్కడికి పోతాది? లోపలే ఉడుకుతుంది. పూజ బొట్టు తుడిస్తే అశుభం అని వాడు దాని మీదనే కూలర్ బిగించినాడు. ఎర్ర డబ్బా తప్పు కాదు, నా తప్పు కాదు. వాళ్ళింట్లో పూజలన్నీ మామ చేతిమీదే గదా, పెట్టింది మామ, బిగించింది కొడుకు. భలే జత!

నేను ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఫోన్‌లో తీరిపోయే పని, అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పాల? పోటీ వచ్చే ఆదివారం. నేను శనివారం బస్సు ఎక్కుతాను. అందరూ చేరినాక, ఆ స్తంభం దగ్గరే, నన్ను కాఫీకి తోలిన చోటే నిలబడి, స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పి, ఆ చందనం ఊరంతటికీ చూపిస్తాను. ‘ఎవరక్కడ కంప్యూటర్ లోపల పూజ చేసింది’ అని గట్టిగా అడుగుతాను. వాడి ముక్కు నేలకు రాయిస్తాను. తిరువిళా చివర నాడు మరదళ్ళు బావల మీద మంజనీళ్ళు పోస్తాం గదా, అది కూడా పోస్తాను, చెవుల్లో నుంచి పసుపు కారేట్టు.

అన్నం తిని వచ్చినాను. ఇక్కడినుంచి రాసేది వేరే మాట, నిదానంగా చదువు.

చందనం ఎట్లా పూసినారో నీకు సరిగ్గా రాద్దామని ఫోటో మళ్ళీ తీసినాను. అక్కా, ఆ చెయ్యి మామది కాదు. ఇన్ని దినాలు నేను చిప్పునే పెద్దది చేసి చూసినాను, మూలలో ఉండే చెయ్యి చూడలేదు. ఆకుపచ్చ గాజులు. మణికట్టు మీద వడల నూనె చిందిన మచ్చ.

అమ్మ.

ఆ దినం అమ్మ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, అందరికన్నా ముందే కడకు పోయి కూర్చుందని నువ్వు ఫోన్‌లో చెప్పినావు. అమ్మకు వాడి మిషన్ మీద ఇంత భక్తి ఏంది అని అప్పుడు నాకు కోపం వచ్చింది. వాడి మిషన్ అని పోలేదు అక్కా. కూతురు చెప్పిన సామాను అని పోయింది. ఆ పొద్దు స్తంభం పక్కన నోరు మూసుకుని నిలబడిన మనిషి, ఈసారి మామను కాదని తన చేత్తో బొట్టు పెట్టింది. అంత మందంగా పెట్టింది, పిచ్చి తల్లి.

ఆ మూత నేను ఊరి ముందర విప్పి ఉంటే? ‘ఎవరక్కడ’ అని అడిగి ఉంటే? అయ్యో!

అందుకని ఇట్లా చేయి. ఈ కవర్లో చిన్న ట్యూబ్ పెట్టినాను, అదే పేస్ట్. మధ్యాహ్నం కడ ఖాళీగా ఉన్నప్పుడు నువ్వు ఒక్కదానివే పో. కరెంటు తీసి, కూలర్ విప్పి, ఆ చందనం మూత మీదా కూలర్ అడుగునా మిగలకుండా మెత్తని గుడ్డతో, స్పిరిట్‌తో తుడవమని బావకు చెప్పు. బఠాణి గింజంత పేస్ట్ పెట్టి మళ్ళీ బిగించమను. చెడిపోయి ఉండదు, వేడెక్కితే తనంతట తానే ఆరిపోయే తెలివి దానికి ఉండాది, వాడికి లేకపోయినా.

మిషన్ నడిచిందని వాడు పండ్లు ఇకిలించినప్పుడు నా మాట చెప్పు. అమ్మ బొట్టు పెట్టింది తప్పు కాదు. తుడవకుండా బిగించినోడిది తప్పు. ఆదివారం ఆ స్తంభం దగ్గర నిలబడి అందరి ముందర వాడు అనాల: ‘రేవతి చెప్పింది సరి. బిగించే దానికి నాకు చేత కాలేదు.’ అంతే. అమ్మ పేరు రాకూడదు, చందనం అనే మాటే రాకూడదు. వచ్చిందంటే, ఆ ఆరు మిషన్ల పాస్‌వర్డులు ఎవరు పెట్టినారో ఒకసారి ఆలోచించుకోమను. ఇంకా ఎవరూ మార్చలేదని నాకు తెలుసు. వాడికి మార్చే దానికి రాదు.

నేను చెప్పినట్టే శనివారం వస్తాను. మిషన్ పెట్టెకు బయటి పక్క, అమ్మతో ఇంకొక బొట్టు పెట్టించు. లోపల దాన్ని తుడిచిన సంగతి అమ్మకు ఎప్పటికీ తెలియకూడదు. మిషన్ ఎట్లా బాగైందని అడిగితే ‘నీ బొట్టు మహిమ’ అని చెప్పు, నమ్ముతుంది. ఆదివారం కాఫీ వాడే తేవాల. మొదటి గ్లాసు అమ్మకు ఇవ్వాల, రెండోది నాకు. చక్కెర తక్కువ.

నాయనకు, మామకు, అత్తకు నా దండాలు చెప్పు. అవును, మామకు కూడా. పిల్లలకు ముద్దులు. నీ దీవెన నాకు ఉండాల. నన్ను అనుమానించినందుకు నీ మీద ఇంకా కొంచెం కోపం ఉండాది, కారం డబ్బా చేతికిస్తే పోతాది.

నీ చెల్లెలు,
ఆర్. రేవతి

మంజనీళ్ళ సంగతిలో మార్పు లేదు. మన పెద్ద బిందె తోమి పెట్టు.